వెనకోడు వచ్చినాడా?

మేస్త్రి దినాలు అయిపోయిన మరుసటి వారం, మధ్యాహ్నం బేరాలు లేని వేళ చూసుకొని, దాసు మా బట్టల అంగడి మెట్ల దగ్గర సైకిలు నిలబెట్టి లోపలికి వచ్చాడు. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"అక్కా, సంఘంలో ఇంగ పట్టుమని పదిమంది లేము. మేస్త్రి పోయినాక కొంతమంది సెకండ్‌హ్యాండు స్కూటర్లు కొనేసినారు. కొంతమందిని ఇంట్లోవాళ్ళు పంపించేది లేదు. నువ్వు చేరితే బాగుంటాది," అన్నాడు.

దాసు మా ఊరి బంగారు గని కూలీల లైన్లలో పుట్టి పెరిగిన వెల్డరు. రోజూ తెల్లవారుజాము రైలుకు బెంగుళూరు పోయి, పని చేసుకొని రాత్రికి వస్తాడు. ఇంట్లో అరవం, మాతో తెలుగు. మనిషి మంచివాడే. కానీ ఆ పూట అతన్ని చూడగానే నాకు ఒళ్ళు మండింది. సంఘమంట సంఘం! రోడ్డు మీద సైకిలు తొక్కేవాళ్ళకు ఇంత చోటివ్వండి, ఇన్ని దీపాలు పెట్టండి అని ఊరంతా తిరిగి అడిగిన సంఘం. అది పెట్టిన మనిషినే రోడ్డు మింగేసింది. ఆలోచించి చెప్తానని దాసును పంపేశాను. ఆలోచించడానికేమీ లేదు, కాదని మొహం మీద చెప్పలేక అన్న మాట అది. తీరా అతను మెట్లు దిగిపోయాక నా ఆలోచన మేస్త్రి మీదికి పోయింది. ఆ సాయంత్రం చీర చూపించమంటే దుప్పటి తీశాను.

ఆయనకు పేరు లేక కాదు. గనిలో గ్యాంగు మేస్త్రిగా చేశాడు గనుక మేస్త్రి. గని మూసేసి ఇన్నేళ్ళయినా ఆ పిలుపు మాత్రం మూతపడలేదు. పేరు నేనిక్కడ రాయను. తన పేరు ముందు కనబడితే ఆయనకు గిట్టేది కాదు. సంఘం అర్జీల మీద కూడా అందరూ పెట్టాక, అట్టడుగున, మూల మీద చోటు వెతుక్కొని సంతకం గీకేవాడు.

పొట్టి మనిషి. ఖాకీ నిక్కరు, తెల్ల చొక్కా, దగ్గరికి పోతే అమృతాంజనం వాసన. నెత్తిన గనిలో పెట్టుకున్న పాత గట్టి టోపీ. ఆ టోపీకి నుదుటి దగ్గర దీపం తగిలించుకునే కొక్కెం ఉంటుంది. ఈయన టోపీని వెనక్కి తిప్పి పెట్టుకొని, ఆ కొక్కేనికి చిన్న టార్చి కట్టేవాడు. అంటే ఆయన ముందు చీకటి, వెనక వెలుతురు. మొదటిసారి చూసి నేను నవ్వాను. ఆయనేం నొచ్చుకోలేదు.

"ముందర ఏముండాదో ముందరోళ్ళు చూసుకుంటారులేమ్మా. నా పని వెనకది," అన్నాడు.

ఆ వెనక పిచ్చి ఒక్క సైకిలుతో ఆగింది కాదు. పెళ్ళికి పిలిస్తే కడబంతిలోనే కూర్చునేవాడు. వడలు అయిపోయి, సాంబారులో ముక్కలు అయిపోయి, వడ్డించేవాళ్ళ ఓపిక కూడా అయిపోయాక ఆయన విస్తరి పడేది. మజ్జిగన్నమే మహా ఇష్టమన్నట్టు తినేవాడు. రేషనంగడి వరసలో ఎవరొచ్చినా ముందుకు పొమ్మనేవాడు. వాళ్ళావిడ మా అంగడికి వచ్చినప్పుడల్లా మొత్తుకునేది: "ఈ మనిషితో యాడికి పోయినా గుడి తలుపులేసే టైముకే పోతామమ్మా. దేవుడు మా మొహం ఇంగా సరిగ్గా చూసిందే లేదు."

ఎక్కడి నుంచి కదలాలన్నా ముందొక కేక వేసేవాడు: "వెనకోడు వచ్చినాడా?" పెళ్ళి బస్సు కదలాలన్నా అదే, మీటింగు మొదలవ్వాలన్నా అదే. ఆఖరికి చావింటి దగ్గర పాడె లేపబోతుంటే కూడా అదే కేక వేశాడని, ఏడుస్తున్నవాళ్ళు కూడా ఆగి వెనక్కి తిరిగి చూశారని మా బజారులో చెప్పుకొని నవ్వుకునేవాళ్ళు.

నేను గని మనిషి కూతుర్ని కాబట్టి ఆ కేక ఎక్కడిదో నాకు తెలుసు. కింద బండకు రంధ్రాలు వేసి, మందు కూరి, వత్తి ముట్టించే ముందు మేస్త్రి తన గ్యాంగును ముందుకు తోలేస్తాడు. తాను కడన వస్తాడు. మలుపు దగ్గర నిలబడి, అందరూ వచ్చారా లేదా అని కేకేస్తాడు. కడపటివాడు పలికేదాకా ఎవరూ కదలరు. మా నాయన కూడా సెలవు రోజున మమ్మల్ని సంతకు తీసుకుపోతూ అదే కేక వేసేవాడు. మా నాయన ఆ గనిలో నుంచి ఇంటికి తెచ్చుకున్నది ఆ కేక, రొమ్ము నిండా రాతి దుమ్ము. ఆ దుమ్ముతోనే దగ్గి దగ్గి పోయాడు. మేస్త్రిదీ అదే దగ్గు. వీధి చివర వినిపించినా నా పనులు ఆగిపోయేవి. బాధగా ఉండేది, కోపంగా కూడా ఉండేది, ఎవరి మీదో తెలిసేది కాదు.

నాకు ఆయనతో నేరుగా పని పడింది మా అమ్మాయి రమ్య వల్ల. బెంగుళూరులో ఒక కళ్ళద్దాల అంగడిలో దానికి ఉద్యోగం దొరికింది. రోజూ రైల్లో పోయి రావాలి. రైలు మారికుప్పంలో బయలుదేరుతుంది. సీటు కావాలంటే అక్కడికే పోయి ఎక్కాలి. నడుమ స్టేషన్లలో ఎక్కితే బెంగుళూరు దాకా ఒంటికాలి జపమే. తెల్లారకముందే బయలుదేరాలి, ఆ వేళకు ఆటోలు బతిమాలినా రావు. దారి చూస్తే బంగారం తీసేసిన మట్టిని కొండల్లాగా పోసిన సైనైడు దిబ్బల పక్కనుంచి. ఒక్క దీపం లేదు. కోలారు మార్కెట్టుకు టమాటా వేసుకొని పోయే బండ్లు ఆ దారిన కళ్ళు మూసుకొని పోతాయి.

"సైకిలు గుంపొకటి పోతాదంట మా, మేస్త్రి తోడు వస్తాడంట, వాళ్ళతో పోతా," అంది రమ్య. వాళ్ళ నాయన ఎగిరి పడ్డాడు. నేను అటూ చెప్పలేదు, ఇటూ చెప్పలేదు. తెల్లారుజామున దానితోపాటు బజారు చివరి మూలకు పోయాను, ఆ గుంపేమిటో, ఆ మేస్త్రి ఏమిటో కళ్ళతో చూద్దామని.

ఆయన వీధి దీపం కింద నిలబడి, వచ్చినవాళ్ళ సైకిళ్ళ బ్రేకులు ఒక్కొక్కటే నొక్కి చూస్తున్నాడు. మమ్మల్ని చూసి అడిగాడు.

"ఎవురి పాప?"

"నా పాప మేస్త్రీ."

"నీ నాయన ఏ షాఫ్టు?"

మా ఊళ్ళో పాతవాళ్ళు ముందు షాఫ్టు, అంటే ఏ గని బావిలో దిగేవాడో అడుగుతారు, కులగోత్రాలు తర్వాత. చెప్పాను. కాసేపు తలూపాడు. మా నాయన తెలుసో తెలియదో చెప్పలేదు.

"కొత్తోళ్ళు నడుమ. పాపా, నువ్వు దాసు వెనకాలే పో. ముందరోడి చక్రం చూడాల, పక్కన దిబ్బలు చూడకూడదు. నువ్వు ఇంటికి పో అమ్మా, రైలెక్కించి వస్తా."

"మీకూ బెంగుళూరులో పనా మేస్త్రీ?"

"నాకేం పనమ్మా ఆడ? వీళ్ళని పైకి పంపించేసి వచ్చేస్తా."

పైకి అన్నాడు. గనిలో షిఫ్టు అయ్యాక బోనులో మనుషుల్ని పైకి పంపినట్టు. ఆ ముసలాయన ఏ పనీ లేకుండా రోజూ అంత చీకట్లో స్టేషను దాకా తొక్కుకుంటూ పోయి, ఒంటరిగా తిరిగి వస్తాడన్నమాట. పిచ్చివాడా, పుణ్యాత్ముడా అని తేల్చుకోలేకుండానే ఇంటికి వచ్చాను. కానీ నిద్ర పట్టింది. ఆ తర్వాత కూడా రోజూ పట్టింది.

"భయం వేయదా?" అని ఒకసారి రమ్యను అడిగాను.

"వెనక దగ్గు వినిపిస్తా ఉంటాది కదమ్మా. అది వినిపిస్తే మేస్త్రి ఉండాడని లెక్క," అంది. ఏ దగ్గు వింటే నా చిన్నతనమంతా గుండె జారేదో, అదే దగ్గు దీనికి ధైర్యం. 

ఇక సంఘం సంగతి. ఆ రైలు గుంపునే మేస్త్రి సంఘం చేశాడు. ఆదివారాలు పాత టైమాఫీసు అరుగు మీద కూడేవాళ్ళు. గనిలోకి దిగే ముందు మనుషులు హాజరు బిళ్ళలు తీసుకున్న చోటది, ఇప్పుడు మేకలు పడుకుంటాయి. దిబ్బల దారికి దీపాలు, రోడ్డు పక్కన సైకిళ్ళకని తెల్ల గీత గీసిన చోటు, స్టేషను దగ్గర కప్పున్న స్టాండు. అడిగినవి ఈ మూడే. అర్జీ ఇవ్వడానికి ఒకరోజు అందరూ సైకిళ్ళ మీద మా బజారు గుండానే ఊరేగింపుగా పోయారు. అప్పుడు జరిగిన తమాషా చెప్పాలి.

గనిలో బోను లాగేవాడికి కింద నుంచి గంటలతో కబురు చెప్తారు. ఒక గంట కొడితే ఆపు. రెండు కొడితే దించు. మూడు కొడితే బోనులో ఉన్నది రాయి కాదు, మనుషులు, మెల్లగా లాగు. మేస్త్రి ఈ గంటల భాషను సైకిలు బెల్లుల మీదికి తెచ్చాడు. గుంపులో సగం మంది పాత గనివాళ్ళు, వాళ్ళకది రక్తంలో ఉంది. సరిగ్గా మా అంగడి ముందుకు వచ్చేసరికి వెనక నుంచి సోడాల సైకిలువాడు దారి కోసం ట్రింగుమని ఒక్కసారి కొట్టాడు. అంతే! పాతవాళ్ళందరూ ఎక్కడివాళ్ళక్కడ బ్రేకులు బిగించేశారు. ఆ గంటల సంగతి ఇంకా ఒంటబట్టని కుర్రకారు పోయి వాళ్ళకు గుద్దుకున్నారు. నడిబజారులో మనుషులు, చక్రాలు, చెప్పులు ఒక కుప్ప. అంగళ్ళవాళ్ళందరూ బయటికి వచ్చి పొట్టలు పట్టుకొని నవ్వారు. మా ఆయన గల్లాపెట్టె దగ్గర నుంచే అన్నాడు, "రోడ్డు మీద పోవడం రానోళ్ళు రోడ్డు అడగను పోతా ఉండారు చూడు!"

మేస్త్రికి దెబ్బ తగల్లేదు, ఎప్పటిలాగే కడన ఉన్నాడు గనుక. సైకిలు దిగి, టోపీ సర్దుకొని, ఆ కుప్ప వైపు చూస్తూ కేకేశాడు: "ఎవురికన్నా తగిలిందా? వెనకోడు వచ్చినాడా?"

మోకాలు పట్టుకొని లేస్తూ దాసు అన్నాడు, "వెనకోడు నువ్వే గదా మేస్త్రీ!"

అప్పుడు పడ్డవాళ్ళు కూడా నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాడు, నవ్వు కాస్తా దగ్గులోకి దిగింది. నేను చెంబుతో నీళ్ళిచ్చాను. ఆ మాట అప్పుడు అందరికీ వేళాకోళమే. నాకూ వేళాకోళమే.

అర్జీ తీసుకున్నారు. పరిశీలనలో ఉందన్నారు. అడిగినప్పుడల్లా పరిశీలనలోనే ఉండేది.

ఆయన నన్ను సంఘంలోకి పిలిచింది ఆ తర్వాతే. అంగడికి వచ్చి తెల్లగుడ్డ ముక్కలు కావాలన్నాడు. "మిగిలిపోయినవి ఏమన్నా ఉంటే ఈ అమ్మా. సైకిలు క్యారేజీలకి వెనక కడితే చీకట్లో కనపడతాది." చించిన కోరా పీలికలు ఒక సంచిలో వేసి ఇచ్చాను. సంచి తీసుకొని కూడా పోలేదు.

"నీకు సైకిలు వస్తాది గదా?"

"చిన్నప్పుడు మా నాయన సైకిలు కడ్డీ కింద కాలు దూర్చి తొక్కినాను. ఇప్పుడేం వస్తాది?"

"అది ఒంట్లో ఉంటాదిలే, యాడికీ పోదు. మాతో కలువు. రైలుకి రావద్దులే, ఆదివారం వస్తే చాలు. బజారోళ్ళు ఒకరన్నా ఉండాల."

నాకు నోరు ఊరుకోదు. "చేరితే ఏం వస్తాది మేస్త్రీ? ఇన్నాళ్ళు తిరిగినారు. ఒక్క దీపం వెలిగిందా? ఒక్క గీత గీసినారా? చెవిటోడి ముందర శంఖం ఊదను నేనూ రావాలా?" అన్నాను.

ఆయన ఏదో గొప్ప మాట చెప్తాడనుకున్నాను.  కోరా ముక్క ఒకటి తీసి వేళ్ళ మధ్య నలుపుతూ, "ఏమొస్తాదో నాకూ తెలీదమ్మా," అన్నాడు. "చిన్న గుంపయితే బండి వస్తే మనం పక్కకి పోవాల. పెద్ద గుంపయితే వాడు పక్కకి పోతాడు. అదొకటి చూసినాను. అంతకన్నా తెలీదు."

"చూస్తాంలే మేస్త్రీ," అన్నాను. చేరలేదు. అందుకు ఇప్పుడు గుండెలు బాదుకోబోను. నాకు అంగడి ఉంది, ఇల్లు ఉంది, ఆయన చెప్పిన లాభం కూడా అంతంతమాత్రం. నేను చేరి ఉంటే ఆయన బతికేవాడని ఎవరైనా అంటే ఒప్పుకోను.

ధనుర్మాసం మంచులో పోయాడాయన. ఆ పొద్దు ఎదురుగా ఉన్న మనిషి కూడా మసకగానే కనిపించాడని రమ్య చెప్పింది. దిబ్బల మలుపు దాటాక స్టేషనులో రైలు కూత వినిపించింది. ఆలస్యమైందని అందరూ వేగంగా తొక్కి, సైకిళ్ళకు తాళాలు వేసి, పరుగెత్తి రైలెక్కారు. బంగారుపేట దాటాక దాసుకు ఫోను వచ్చింది. పాలవాడు చూశాడట. ఏదో బండి వెనక నుంచి తగిలి పోయింది. ఏ బండో ఈనాటికీ తెలియదు. మేస్త్రి రోడ్డు పక్క గుంతలో ఉన్నాడు. కాస్త దూరంలో టోపీ. టార్చి ఇంకా వెలుగుతూ ఉందట. తోలేవాడు చూడలేదంటే నేను నమ్మను. వెనక్కి అంత వెలుతురు పెట్టుకొని పోయే మనిషి ఈ తాలూకాలో ఇంకొకడు లేడు.

రమ్య నడుమ స్టేషనులో దిగి వెనక్కి వచ్చేసింది. రెండు పూటలు అన్నం ముట్టలేదు. మూడో పూట నేను కంచం ముందు పెట్టి కూర్చుంటే అప్పుడు నోరు తెరిచింది.

"దగ్గు వినపళ్ళేదమ్మా. మలుపు దగ్గరే వినపళ్ళేదు. నాకు తెలిసింది. రైలు పోతాదని నేను ఏమీ అనలేదు."

"నువ్వొకదానివేనా? అంతమంది ఉండారు కదే."

"అందరం అంతే. వెనకోడు వచ్చినాడా అని అడిగేది ఆయన. ఆయన వచ్చినాడా అని ఎవురు అడగాల? మాకెవరికీ అలవాటు లేదు."

అప్పుడే చూసుంటే బతికేవాడా? తెలియదు. పోయినవాడు ఎప్పుడు పోయాడో ఎవరూ తేల్చి చెప్పలేదు. అది తెలియకపోవడమే ఆ పిల్లను తినేస్తోంది. నేను దాని తల నిమిరి, నీ తప్పేమీ లేదన్నాను. ఆ మాట దానికి గోడకు చెప్పినట్టే అయింది.

మా ఆయన ఆ రోజే తేల్చేశాడు. "ఇంగ సైకిలు మాట ఎత్తితే కాళ్ళు విరగ్గొడతా. ఆటో మాట్లాడినాను, మూల మీదికి వస్తాడు, దాంట్లో పో." నాకూ అదే నయమనిపించింది. రమ్య సరేనంది. దాని సైకిలు ఇంట్లో కనిపించలేదు. అడిగితే, చెయిను తెగింది, రిపేరుకిచ్చినానంది.

ఇదంతా అయ్యాకే దాసు అంగడికి వచ్చి చేరమన్నది. నాలుగు రోజులు ఆలోచించాను. దీపాలు రాలేదు. రావు. ఆయన పోయాకైనా వస్తాయేమోనని కొందరు ఆశపడ్డారు, అదీ లేదు. పిలిచిన మనిషి లేడు. కూతురు ఆ దారిన సైకిలు మీద పోవడం లేదు. ఇంకెందుకు నాకు ఆ సంఘం? అటు చూసి ఇటు చూసి, రానని నేరుగా చెప్పేద్దామని ఆదివారం టైమాఫీసు అరుగు దగ్గరికి పోయాను. మేకల్ని పక్కకు తోలి నలుగురైదుగురు కూర్చొని ఉన్నారు. దాసు లేచి వచ్చాడు.

"ఏమనుకోవద్దు దాసూ. నాతో కాదు," అన్నాను.

"సరి అక్కా. నీ కష్టం నీది. వెనక రమ్య ఉండాది కదా, ఎట్లో నెట్టుకొస్తాం."

"ఏమంటివి? రమ్య యాడ ఉండాది?"

దాసు మొహం వాడిపోయింది. నాకు తెలుసనుకున్నాడు పాపం. ఆటోవాడిని మొదటి వారమే మాన్పించేసిందట. సైకిలు మేస్త్రి ఇంట్లో పెట్టుకుందట. రోజూ మూల దాకా నడిచి పోయి, ఆ పక్కనే ఉన్న వాళ్ళింట్లో సైకిలు తీసుకొని, గుంపుకు కడన పోతోందట.

"నడుమ పొమ్మంటే వినేది లేదక్కా. మేమంతా చెప్పినాం. వెనకంటే అందరికీ భయమే ఇప్పుడు. నాకూ భయమే, నేనేం దాచను," అన్నాడు.

ఇంటికి ఎలా వచ్చానో నాకు తెలియదు. రమ్య పెరట్లో మరుసటి రోజుకు టిఫిను డబ్బా తోముకుంటోంది. దాని చేతిలోంచి డబ్బా లాక్కున్నాను.

"వెనక పోతా ఉండావంట?"

అది అబద్ధమాడలేదు. తలూపింది.

"ఎందుకే? అంతమంది మొగోళ్ళుండారే, నీకేనా వచ్చింది?"

"ఎవురో ఒకరు పోవాల కదమ్మా."

"భయం లేదా నీకు?"

"ఉండాది," అంది. కొళాయి కట్టేసి, చేతులు తుడుచుకుంది. "మేస్త్రికి దగ్గు ఉన్నింది, ముందరోళ్ళకి వినిపించేది. నాకు దగ్గు లేదు కదా. అందుకని బెల్లు కొట్టుకుంటా పోతా. మూడు మూడు కొడతా."

మూడు గంటలు. ఇక్కడ ఉన్నది రాయి కాదు, మనుషులు, మెల్లగా. నా కూతురు తెల్లవారుజాము చీకట్లో, వెనక ఏ బండి వస్తోందో చూడకుండా, ఆ మాట చెప్పుకుంటూ పోతోంది. తిట్టాలని వచ్చినదాన్ని, డబ్బా దాని చేతికిచ్చి లోపలికి పోయి తలుపేసుకొని ఏడ్చాను.

దాన్ని ఆపగలనా? కాళ్ళు విరగ్గొడతానని వాళ్ళ నాయన అంటే ఒక వారం ఆగుతుంది. తర్వాత ఇంకో అబద్ధం చెప్పి పోతుంది. పోనీ ఉద్యోగం మాన్పించామే అనుకుందాం. ఆ మలుపు దాని కళ్ళలో నుంచి పోతుందా? ఇల్లు పట్టుకొని కూర్చుంటే రోజూ ఆ పొద్దు తలుచుకొని తలుచుకొని చిక్కిపోతుంది. ఎటు తిప్పి చూసినా నాకు రెండే కనిపించాయి. ఇంట్లో పడుకొని అది చేరిందని ఫోను కోసం చూడటం, లేదా దాని వెనక పోవడం. సంఘం వల్ల ఏమొస్తుంది అని అన్నాళ్ళు తూకం వేశాను. ఈ లెక్క ఆ తూకంలోకి రాలేదు. దాని వెనక ఖాళీగా ఉన్న చోటు ఒకటుంది, ఏ బండి వచ్చినా ముందు దాన్నే తగులుతుంది, అంతే.

మా ఆయనకు చెప్తే కాలు గాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాడు. "ఇద్దరికీ పిచ్చి పట్టింది! నీ వయసేంది, ఆ చీకట్లో సైకిలేంది? జనం ఏమనుకుంటారు?"

"ఏమన్నా అనుకోనీ. పాప వెనక ఎవురుండాలో నువ్వే చెప్పు," అన్నాను.

చెప్పలేదు. రెండు రోజులు అన్నం కూడా అంగడికే తెప్పించుకున్నాడు. మూడో రోజు సాయంత్రం, ఎప్పటి నుంచో గోదాములో దుమ్ము పట్టి ఉన్న తన సైకిలును తుడిపించి, గాలి కొట్టించి, వాకిట్లో పెట్టాడు. క్యారేజీకి వెనక తెల్ల కోరా కట్టి ఉంది. రెండు ముడులు వేశాడు, ఊడకుండా.

మేస్త్రి చెప్పింది నిజమే, తొక్కడం ఒంట్లోంచి ఎక్కడికీ పోలేదు. మోకాళ్ళు మాత్రం పోయాయి. మొదటి పొద్దు గుంపు కడన, రమ్య వెనక తొక్కుతూ బయలుదేరాను. బజారు దీపాలు అయిపోయాయి. దిబ్బలు మొదలయ్యాయి. ముందు ఏమీ కనిపించదు. ట్రింగ్ ట్రింగ్ ట్రింగ్ అని రమ్య బెల్లు, దాని వెనకే నాది. వెనక్కి తిరిగి చూడాలని మెడ లాగేస్తోంది. ఒక బండి వచ్చింది, వెలుతురు మా మీద పడింది, హారను కొడుతూ పక్క నుంచి పోయింది. అది పోయేదాకా బెల్లు మీద నుంచి వేలు తీయలేదు. ఇంతటి భయాన్ని ఆ ముసలాయన రోజూ వీపు మీద మోశాడా? ఆయనకది భయంగానే ఉండేదా? ఒక్కసారి అడిగి ఉంటే బాగుండేదనిపించింది.

మలుపు దాటి స్టేషను దీపాలు కనిపించే చోట అందరూ ఆగి కాళ్ళు దించారు. ముందు నుంచి దాసు కేకేశాడు: "వెనకోడు వచ్చినాడా?"

"వచ్చినా," అన్నాను.

ఇక పోతారనుకున్నాను. ఎవరూ కదల్లేదు. రమ్య సైకిలు తిప్పుకొని నన్ను దాటి రెండడుగులు వెనక్కి పోయింది. మేము వచ్చిన చీకటి వైపు తిరిగి ఇంకోసారి అడిగింది.

"ఇంగా వెనక ఎవురన్నా ఉండారా?"

ఆయన పోయినప్పటి నుంచి పెట్టుకున్న పద్ధతట. నాకెవరూ ముందు చెప్పలేదు. స్టేషనులో రైలు కూత వేసింది. సీటు పోతుందని ఒక్కరూ అనలేదు, ఒక్కరూ పెడలు మీద కాలు పెట్టలేదు. అందరూ ఆ మంచులోకి చెవులు పెట్టి నిలబడ్డారు. నేనూ తిరిగి నిలబడ్డాను, ఒక్క దగ్గు వినిపిస్తుందేమోనని.